పదకొండో నెంబరు జెర్సీ

మా ఊళ్ళో సముద్రం ఒడ్డున రెండు సర్కారు ఆఫీసులు ఒకే ప్రహరీ గోడని పంచుకుని ఉంటాయి. ఒకటి ఇసుక మేటల తొలగింపు మండలి. రెండోది ఇసుక మేటల పరిరక్షణ మండలి. మొదటివాళ్ళు తవ్వి పోసిన ఇసుకని రెండోవాళ్ళు తెచ్చి మళ్ళీ మేట వేస్తారు. వాళ్ళు వేసిన మేటని వీళ్ళు తవ్వుతారు. ఇద్దరికీ చేతినిండా పని ఉంది గనకే ఊరు ప్రశాంతంగా ఉందని మా వారంటారు. ఆయన తొలగింపు మండలిలో హెడ్ క్లర్కు.

ఈ రెండింటి మీదా అజమాయిషీ చేసే పెద్దాఫీసు నుంచి ఒక అధికారి ఇసుక మేటలను అధ్యయనం చేయడానికి ఆస్ట్రేలియా వెళ్ళారు. ఇసుక చూడాల్సిన రోజు అక్కడ వాన పడింది. అందుకని ఆయన ఫుట్‌బాల్ చూసి వచ్చారు. మనకి తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో మైదానం, కోడిగుడ్డు ఆకారంలో బంతి, జట్టుకి పద్దెనిమిది మంది. ఆయన దిగిన వారానికే సర్క్యులర్ వచ్చింది.

"ఏమోయ్, కోడిగుడ్డుని తన్నాలిట," అన్నారు మా వారు చెప్పులు విప్పుతూ.

"ఎవరు?"

"ఆఫీసంతా."

సర్క్యులర్ నేనూ చదివాను. "సిబ్బందియందు చురుకుదనమును, పరస్పర సమన్వయమును పెంపొందించు నిమిత్తము ఉభయ మండళ్ళును సదరు క్రీడను విధిగా ఆడవలెను" అని మొదలుపెట్టి, ఓడిన జట్టు గెలిచిన జట్టుకి మధ్యాహ్న భోజనం పెట్టవలెనన్న దాకా పేజీన్నర ఉంది. నా కన్ను అడుగున ఉన్న ఒక్క వాక్యం మీద ఆగిపోయింది. "ఆట ముగియునాటికి రద్దు కాకుండా మిగిలిన గోలు వేసిన కాంట్రాక్టు ఉద్యోగి పర్మినెంటు చేయబడును."

మా ఆడపడుచు హైమ మా వారి మండలిలోనే కాంట్రాక్టు టైపిస్టు. ఏటా మార్చి ఆఖరున ఆమె ఉద్యోగం పోతుంది, ఏప్రిల్‌లో మళ్ళీ వస్తుంది. ఈ ఏప్రిల్‌లో ఇంక రాదని అప్పటికే పైనుంచి కబురు వచ్చి ఉంది. కాలేజీలో ఉన్నప్పుడు హైమ ఖోఖోలో జిల్లాకి ఆడింది. ఆ పిల్ల కాలికి నేల అంటడం నేను ఎప్పుడో తప్ప చూడలేదు.

"వదినా, ఆడవాళ్ళని ఆడనిస్తారంటావా?" అని అడిగింది.

ఆ మాట వాళ్ళ సెక్రటరీ పానకాలరావు గారికి చేరింది. ఆయన స్వయంగా మా వరండాలోకి వచ్చి కూర్చుని, పెద్దాఫీసు పంపిన నియమావళి మొత్తం తిరగేశారు. ఆయనకి ఆట మీద ఆసక్తి లేదు. పుస్తకం మీద ఉంది.

"ఆటగాడు అనే ఉందమ్మా. మగవాడు అయి ఉండవలెను అని ఎక్కడా లేదు," అన్నారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "నిషేధింపబడనిది అనుమతింపబడినట్లే. ఆ పిల్లని వేసుకుంటున్నాం."

"బాగా ఆడుతుందండీ," అన్నాను.

"అది అదనపు అర్హత," అన్నారాయన.

మండలికి వచ్చింది ఒకే ఒక్క బంతి. స్టోర్సు వస్తువు గనక దాన్ని పానకాలరావు గారి బీరువాలో పెట్టి తాళం వేశారు. హైమ పీచు తియ్యని కొబ్బరికాయకి పాత దుప్పటి ముక్కలు చుట్టి, దాంతో పెరట్లో సాధన చేసింది. పెరటి చివర వరసగా నాలుగు దడి కర్రలు పాతుకుంది. అసలు మైదానంలోనూ అంతే, ఒక్కో చివర నాలుగు స్తంభాలు. నడిమి రెంటి మధ్య నుంచి బంతి పోతే గోలు, ఆరు పాయింట్లు. పక్క వాటి మధ్య నుంచి పోతే ఒక్కటే పాయింటు. నేను కూరలు తరుగుతూ చూస్తూ ఉండేదాన్ని. కొబ్బరికాయ నడిమి కర్రల మధ్య నుంచే పోయేది, నేను ఆరబెట్టిన వడియాల మీద పడేది.

జెర్సీలు మాత్రం ఎవరివి వాళ్ళే కుట్టించుకోవాలి. మావి పసుపు, వాళ్ళవి ఆకుపచ్చ. హైమకి పదకొండో నెంబరు వచ్చింది. నా పాత ఎర్ర లంగా చింపి రెండు నిలువు పట్టీలు కత్తిరించి, అంచు మడిచి, జెర్సీ వీపున రెండు వరసలు కుట్టు వేశాను. ఒక్క పోగు పైకి రాకుండా కుట్టేసరికి మధ్యాహ్నం గడిచిపోయింది.

ఆఫీసు వాళ్ళ సాధన కూడా చూడటానికి వెళ్ళాను. ఈ ఆటలో బంతి అందుకోవడానికి ఎదుటివాడి వీపు మీదికి ఎక్కవచ్చు. దీనిమీద రెండు మండళ్ళూ చాలా మథనపడ్డాయి. చివరికి, కింది ఉద్యోగి పై ఉద్యోగి భుజమ్మీద మోకాలు ఆనించే ముందు లిఖితపూర్వకంగా అనుమతి పొందవలెనని ఉమ్మడి ఉత్తర్వు జారీ అయింది. ఇంకొక నియమం ఉంది. ఎదుటివాడు బంతి పట్టి తన్నబోతుంటే, అతని ముందు నిలబడ్డవాడు రిఫరీ చెప్పేదాకా కదలకూడదు. ఇందులో మాత్రం మా వాళ్ళకి ఎవరూ నేర్పవలసింది లేకపోయింది. రిఫరీ కదలమని చెప్పాక కూడా కదలలేదు.

ఆట ఆదివారం పొద్దున పెట్టారు. మైదానం రెండు ఇసుక మేటల మధ్య పల్లం. రిఫరీ రిటైరైన డ్రిల్లు మాస్టారు రాజారత్నం గారు. మెళ్ళో ఈల, చేతిలో నియమావళి. నేను మజ్జిగ బిందె పట్టుకుని గీతకి ఇవతల కూర్చున్నాను.

ఆట మొదలైన కాసేపటికే హైమ బంతి పట్టుకుంది. వంగి, రెండడుగులు వేసి తన్నింది. బంతి నడిమి స్తంభాల మధ్య నుంచి పోయి వెనక మేట మీద దిగింది. మా వారు లేచి నిలబడి చప్పట్లు కొట్టి, ఆఫీసులో ఉన్నట్టు గుర్తొచ్చి కూర్చున్నారు.

అప్పుడు పరిరక్షణ మండలి సెక్రటరీ భుజంగరావు గారు గొడుగు కింద నుంచి చెయ్యెత్తారు.

"తలలు లెక్కపెట్టవలసిందిగా కోరుతున్నాను," అన్నారు.

ఈ ఆటలో నిజంగానే అలాంటి నియమం ఒకటుంది. ఎదుటి జట్టులో పద్దెనిమిది మంది కన్నా ఎక్కువ ఉన్నారని అనుమానం వస్తే లెక్క అడగవచ్చు. ఎక్కువ తేలితే ఆ జట్టు అప్పటిదాకా సంపాదించిన పాయింట్లన్నీ రద్దు. రాజారత్నం గారు మా వాళ్ళని వరసలో నిలబెట్టారు. పంతొమ్మిది మంది తేలారు.

చివర నిలబడ్డ మనిషిని నేను గుర్తుపట్టాను. పరిరక్షణ మండలిలో అటెండరు అప్పలకొండ. పసుపు జెర్సీ వేసుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. వీపున ఎర్ర రంగుతో పదకొండు వేసి ఉంది.

"పదకొండే ఎందుకు వేశావయ్యా?" అని అడిగారు మా వారు.

"రెండు గీతలు గియ్యడం సులువండి," అన్నాడతను. "నాకేటి తెలుసు బాబూ, ఏసుకుని ఎల్లమన్నారు, ఒచ్చినాను."

"ఇది మోసం," అన్నారు పానకాలరావు గారు.

"ఏ సెక్షను కింద?" అన్నారు భుజంగరావు గారు.

పానకాలరావు గారు పుస్తకం తిరగేశారు. పక్క జట్టు జెర్సీ వేసుకుని రాకూడదని ఎక్కడా లేదు. ఎవరూ ఆ పని చేస్తారని ఆస్ట్రేలియా వాళ్ళకి తోచి ఉండదు. హైమ వేసిన గోలుని రద్దు చేశారు.

"పోనీలే వదినా, ఇంకోటి వేస్తాను," అని నా దగ్గర ఒక గ్లాసు మజ్జిగ తాగి వెళ్ళింది. వేసింది కూడా. మళ్ళీ లెక్క, మళ్ళీ పంతొమ్మిది, మళ్ళీ రద్దు. ఈసారి చివర నిలబడ్డది వాళ్ళ డ్రైవరు.

పానకాలరావు గారు చేతులు ముడుచుక్కూర్చునే మనిషి కాదు. ఆటకి నాలుగు భాగాలు; రెండో భాగంలో ఆయన ఆకుపచ్చ జెర్సీలతో ఇద్దర్ని అటు పంపారు. వాళ్ళ పాయింట్లు పోయాయి. వాళ్ళు మా వైపు నలుగురిని పంపారు. మేము మా క్యాంటీన్ మొత్తాన్ని పంపాం. కాసేపటికి మైదానంలో అరవై మంది పైగా ఉన్నారు, బంతి ఎక్కడుందో ఎవరూ చూడటం లేదు. రాజారత్నం గారి గొంతు బొంగురుపోయింది. ఆట మధ్యలో లెక్క పెట్టడం పోయి, లెక్కల మధ్యలో కాస్త ఆట పెట్టడం మొదలైంది.

ఎండెక్కింది. వరసలో నిలబడలేక పెద్దవాళ్ళు ఒక్కొక్కరే తమ చోట తువ్వాలు వేసి నీడకి వెళ్ళారు. భుజంగరావు గారు అది చూశారు.

"మాస్టారూ, తువ్వాళ్ళని కూడా లెక్కలోకి తీసుకోండి."

"తువ్వాలు మనిషి ఎలా అవుతుందండీ?" అన్నారు రాజారత్నం గారు.

"బస్సులో కిటికీ లోంచి తువ్వాలు వేస్తే ఆ సీటు ఎవరిది?"

రాజారత్నం గారు ఆలోచనలో పడ్డారు. ఆయన ముప్పై ఏళ్ళు బస్సులో వెళ్ళి ఉద్యోగం చేసినవారు. తువ్వాలు వేసిన సీట్లో కూర్చున్నవాడి గతి ఆయనకి తెలుసు.

"తువ్వాలు వేసినవాడిదే," అని ఒప్పుకున్నారు.

"అంటే మనిషి అక్కడ ఉన్నట్టే కదా."

అలా తువ్వాలు మనిషైంది. ఆ తరవాత మనుషులని పంపే శ్రమ ఎవరికీ లేకపోయింది. ఎదుటి వరసలోకి ఒక తువ్వాలు విసిరితే చాలు, పంతొమ్మిది. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తువ్వాళ్ళు ఎగిరాయి. మజ్జిగ బిందె కింద పెట్టిన నా చుట్టకుదురు గుడ్డ కూడా ఒకసారి ఆటగాడై పోయి వచ్చింది. మూడో భాగం ముగిసేసరికి పానకాలరావు గారు అభ్యంతరం లేవదీశారు. తువ్వాలుకి రంగు లేదు, నెంబరు లేదు, అది ఏ జట్టుదో నిర్ధారించడం ఎలాగ? చర్చించి రాజారత్నం గారు తీర్పు చెప్పారు. తువ్వాలు చెల్లదు. జెర్సీ చెల్లుతుంది. వరసలో జెర్సీ ఉంటే మనిషి ఉన్నట్టే.

హైమ నా పక్కన వచ్చి కూర్చుంది. మొహం కందిపోయింది. అప్పటిదాకా ఐదు గోల్స్ వేసింది, ఐదూ లేవు.

"నేనెందుకు తన్నుతున్నాను వదినా?"

"నీకు వచ్చు గనక," అన్నాను. అంతకన్నా ఏమీ తోచలేదు.

నాలుగో భాగంలో ఆట పూర్తిగా ఆగిపోయింది. ఆఖరి లెక్క అడిగినవాడిదే గెలుపని రెండు వైపులా అర్థమైంది. ముందు ఎవరు అడిగినా, తరవాత అవతలివాడు అడుగుతాడు. అందుకని రెండు జట్లూ ఎదురెదురుగా రెండు వరసలు తీరి, ఎవరూ కదలకుండా, ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డాయి. వరసల్లో అక్కడక్కడా, నీడకి పోయినవాళ్ళ బదులు ఇసకలో పరిచిన జెర్సీలు, ఎగిరిపోకుండా వాటిమీద గులకరాళ్ళు. అప్పలకొండ కూడా మా వరస చివర తన పదకొండో నెంబరు పరిచి టీ తాగడానికి వెళ్ళాడు. బంతి మైదానం నడుమ పడి ఉంది. ఒక కాకి వచ్చి దాని మీద వాలింది.

హైమ వరసలోంచి బయటికి వచ్చింది.

"ఏయ్ అమ్మాయ్, ఎక్కడికి?" అన్నారు పానకాలరావు గారు.

"ఆడటానికండీ."

కాకిని తోలింది. బంతి తీసుకుని నడుచుకుంటూ స్తంభాల వైపు వెళ్ళింది. ఆకుపచ్చ జట్టులో ఒకరిద్దరు కదలబోయారు గాని, వరస చెడుతుందని భుజంగరావు గారు కసిరారు. హైమ తన్నింది. బంతి నడిమి స్తంభాల మధ్య నుంచి పోయి, మేట దాటి, అవతల సరుగుడు తోపులో పడింది. దాన్ని తేవడానికి ఎవరూ కదలరని తెలుసు గనక తనే మేటెక్కి అవతలికి దిగింది.

ముగింపు ఈల నోట్లో పెట్టుకున్నారు రాజారత్నం గారు. భుజంగరావు గారు చెయ్యెత్తారు.

"లెక్క."

మా వరస లెక్కపెట్టారు. మనుషులూ జెర్సీలూ కలిపి పద్దెనిమిది. మళ్ళీ పెట్టారు. పద్దెనిమిదే. అప్పలకొండ జెర్సీ చివర ఉంది. హైమ మేటకి అవతల ఉంది. వరసలో ఉన్న పదకొండు హైమది కాదని చెప్పాలంటే అది ఎవరిదో భుజంగరావు గారే చెప్పాలి. ఆయన గొడుగు ముడిచేశారు. ఈల మోగింది. గోలు మిగిలింది. హైమ బంతి చంకన పెట్టుకుని మేట మీదికి వచ్చేసరికి ఎవరో ఆమెకి ఆ సంగతి చెబుతున్నారు. అక్కడే ఇసకలో కూర్చుండిపోయింది.

ఉత్తర్వు వచ్చింది. హైమ పేరున కాదు.

పెద్దాఫీసు వాళ్ళు ఆట నివేదిక చదివారు. గోలు వేసినది పదకొండో నెంబరు. ఆ క్షణాన వరసలో హాజరుగా ఉన్నదీ పదకొండో నెంబరే. జెర్సీయే మనిషి అని రిఫరీ తీర్పు రికార్డులో ఉంది. కాబట్టి "మిగిలిన గోలు వేసిన పదకొండో నెంబరు జెర్సీని ఇందుమూలముగా పర్మినెంటు చేయడమైనది" అని రాశారు. ఏ పదకొండన్నది చెప్పలేదు.

మర్నాడు పొద్దున అప్పలకొండ కూరల సంచీతో మా గుమ్మంలో నిలబడ్డాడు. సంచీలో పెండలం దుంపల కింద అతని జెర్సీ ఉంది.

"ఇది మీకాడ ఉంచీసుకోండమ్మా," అన్నాడు. "ఆ పర్మినెంటు నాదేనని భుజంగరావుబాబు అడగమంతన్నారు. పోస్టు మా బోర్డుకి ఒచ్చెస్తాదంట. నాకు అవతల పర్మినెంటు ఉద్యోగం ఉంది. రెండుంటే రెండూ పీకెస్తారు. పిల్లలున్నారమ్మా."

"మరి అడగనని చెప్పలేకపోయావా?"

"సెప్పినాను. అడగనని పెద్దాఫీసుకి రాసిద్దామంటే, ఆ కాయితం ముందు ఆయనకాడికే ఎల్లాలంట."

ఇద్దరూ ఒకే నెంబరు కలిగి ఉన్నందున విచారణ వేశారు. విచారణాధికారి పద్మనాభం గారు కారులో వచ్చారు. జెర్సీలు రెండూ భద్రపరిచిన స్థలం మా ఇల్లని, విచారణ మా పెరట్లోనే జరిగింది. రెండు జెర్సీలూ బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టి చూశారు. అటు భుజంగరావు గారు, ఇటు పానకాలరావు గారు. అప్పలకొండ బావి పక్కన చెమటలు కక్కుతున్నాడు. హైమ గడప మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. ఆ రోజు మార్చి ఆఖరు వారం.

"సదరు రెండు జెర్సీలలో మూల జెర్సీ ఏదన్నది ప్రధానాంశం," అన్నారు పద్మనాభం గారు. "ఆడిన జెర్సీ చెమటకు, ఇసుకకు, తోపులాటకు ఓర్చినదై ఉండవలెను. దానిని నిర్ధారించు పద్ధతి ఏమైనా కలదా?"

సెక్రటరీలిద్దరూ నియమావళి తిరగేశారు.

"ఉతికితే తెలుస్తుందండి," అన్నాను.

పద్మనాభం గారు నా వైపు చూశారు. "ఉతుకుట శాస్త్రీయ పరీక్ష కిందికి వచ్చునా?"

"మాకు వస్తుందండి."

భుజంగరావు గారు వెంటనే లేచారు. "ఆవిడ ఆ పిల్లకి వదిన. ఆవిడ ఉతకడానికి మా మండలి ఒప్పుకోదు."

హైమ ఉతకకూడదు, అప్పలకొండ ఉతకకూడదు, ఏ మండలి వాళ్ళూ ఉతకకూడదు. తటస్థుడు ఒక్కరే మిగిలారు. పద్మనాభం గారు చొక్కా చేతులు మడిచి, వాచీ తీసి డ్రైవరుకిచ్చి, మా చాకలి బండ ముందు గొంతుక్కూర్చున్నారు. ఆయన జీవితంలో ఒక జేబురుమాలు కూడా ఉతికినట్టు లేదు. సబ్బుని ముందు తన మోకాలికి రాసుకున్నారు. తరవాత దారి దొరికింది. రెండు జెర్సీలనూ నిష్పక్షపాతంగా బాదారు.

రెండు బాదుళ్ళకే ఒకదాని ఎరుపు నీళ్ళలోకి దిగింది. ఆయన చేతులు, కఫ్‌లు, మడిచిన ప్యాంటు అంచులు ఎర్రబడ్డాయి. పిండి దులిపితే వీపు మీద ఏమీ లేదు. రెండోదాన్ని పిండారు. మెలి తిప్పారు. గోళ్ళతో పీకారు. రెండు నిలువు పట్టీలు, రెండేసి వరసల కుట్టు, కదలలేదు.

"రంగు పోయినంత మాత్రాన నెంబరు పోయినట్టు కాదు," అన్నారు భుజంగరావు గారు.

"కనబడుట మానినది," అన్నారు పద్మనాభం గారు, తన చేతులు చూసుకుంటూ. "విచారణ ముగిసినది. అమ్మా, ఈ మరక పోతుందా?"

"నిమ్మకాయ, ఉప్పు వేసి రుద్దించండి," అన్నాను.

అప్పలకొండ బోసిపోయిన జెర్సీని తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. పెండలం దుంపలు మాకే ఇచ్చేశాడు.

ఏప్రిల్ ఒకటిన హైమ పర్మినెంటు ఉద్యోగంలో చేరింది. ఉత్తర్వు జెర్సీ పేరున ఉంది గనక రోజూ జెర్సీ హాజరు కావాలి. మొదట్లో వేసుకుని వెళ్ళేది. ఎండలు ముదిరాక ఒకనాడు ఉక్కపోసి, విప్పి కుర్చీకి తగిలించింది. హాజరు వేసే గుమాస్తా వచ్చి, కుర్చీ చూసి, టిక్కు పెట్టి వెళ్ళాడు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనం క్యారియర్ తీసుకుని వెళ్ళాను. కుర్చీకి పదకొండో నెంబరు ఉంది, హైమ లేదు.

"హైమ ఎక్కడండీ?" అని అడిగాను.

"సీట్లోనే ఉందండీ," అన్నాడు గుమాస్తా కుర్చీ చూపించి.

కిటికీ లోంచి చూస్తే, పల్లంలో బంతి తన్నుతోంది. అవతలి చివర అప్పలకొండ పరిగెత్తి పరిగెత్తి తెచ్చిస్తున్నాడు. ఒక్కసారి కూడా పక్క స్తంభాల మధ్యకి పోలేదు. లెక్కపెట్టేవాళ్ళు ఎవరూ లేరు. క్యారియర్ జెర్సీ ముందు పెట్టి వచ్చేశాను.

ఆదివారాలు జెర్సీని నేనే ఉతుకుతాను. పోయిన వారం ముసురు పట్టి ఆరలేదు. సోమవారం హైమ మామూలు చీర కట్టుకుని ఆఫీసుకి వెళ్ళి, పొద్దున్నించి సాయంత్రం దాకా తలెత్తకుండా టైపు చేసింది. ఆ రోజుకి ఆమె గైర్హాజరు.

సెలవు చీటీ కూడా తనే టైపు చేసుకుంది.